నలభై అడుగుల హద్దు

నేను బస్సు డిపోలో టైమ్ కీపర్ని. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నది రాయడమే ఇరవై ఆరేళ్లుగా నా పని. చదివింది పదో తరగతి వరకే. అయినా నా రిజిస్టరులో ఒక్క కొట్టివేత కనిపించదు. మనిషన్నాక ఒక పద్ధతి ఉండాలి, ఇల్లన్నాక ఒక హద్దు ఉండాలి అని నమ్మినవాణ్ణి. ఆ ఆదివారం దాకా ఆ నమ్మకం మీద నాకు అనుమానం రాలేదు.

మా ఆవిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఇంట్లో నేనూ, పదహారేళ్ల మా అమ్మాయీ మిగిలాం. వాళ్లమ్మ ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి కంప్యూటర్లో ఒక గేమ్ ఆడేవారు. అందులో ఒక ఇల్లు కట్టుకోవాలి, మనుషుల్ని పెట్టుకోవాలి, వాళ్లకి అలవాట్లు నేర్పాలి. గెలవడం, ఓడడం లేని ఆట. మా అమ్మాయి ఆ ఇంట్లో తనని పెట్టుకుంది, పక్కన వాళ్లమ్మని పెట్టింది. అదే మొహం, అదే చీర రంగు, చివరికి ఎడమ కాలు మీద కాస్త బరువు వేసి నడిచే నడక కూడా అదే. అమ్మ బొమ్మ మూడే పనులు చేసేది. సింకు దగ్గర చేతులు కడుక్కునేది. కిటికీ దగ్గర నిలబడేది. కూతురు బొమ్మ ఎక్కడుంటే అక్కడికి వెళ్లి పక్కన నిలబడేది.

అసలు మనిషి పోయింది, బొమ్మ మిగిలింది. అమ్మాయి స్కూలు నుంచి వస్తూనే, భుజం మీది సంచీ అయినా దించకుండా, దాని ముందు కూర్చునేది. పిలిస్తే పలకదు. తిండి మీద ధ్యాస లేదు. రెండు సబ్జెక్టులు తప్పింది. ఉన్న ఒక్క పిల్లా కళ్లముందే చేజారిపోతుంటే నాకు కుదురుండేది కాదు. పోయినవాళ్లని తలుచుకోవడం ధర్మం, పట్టుకు వేలాడటం తప్పు. ఆ మాటే చెప్పాను.

"నువ్వు ఏడవనైనా ఏడవలేదు కదా నాన్నా," అంది, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మా డిపోలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ వైరు అంటారు. మనిషి అంత సన్నం. ఆయనతో చెప్పుకున్నాను.

"గేమ్ తీసేయకు అన్నా. తీసేస్తే పిల్ల జన్మలో నీ మొహం చూడదు," అన్నాడు వైరు. "లోపల సెట్టింగుల ఫైలు ఒకటుంటుంది. మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఆ బొమ్మ తిరగకుండా చేసెయ్. ఊరికే నిలబడే బొమ్మని ఎన్నాళ్లు చూస్తుంది? విసుగొచ్చి తనే లేస్తుంది."

"తప్పు రాస్తేనో?"

"పాత అంకె కాగితం మీద రాసిపెట్టుకో. మార్చాక ఫైలుకి 'చదవడానికి మాత్రమే' అని టిక్కు పెట్టు. లేకపోతే గేమ్ మళ్లీ పాత అంకే రాసుకుంటుంది. మొండితనంలో నీకు తమ్ముడు."

ఆ ఆదివారం నాకు వారపు సెలవు. అమ్మాయి స్పెషల్ క్లాసుకి వెళ్లింది. నాలుగున్నరకి గానీ రాదు. మధ్యాహ్నమే మబ్బు కమ్మి గదిలో దీపం వేసుకోవలసి వచ్చింది. వాన సన్నగా, ఆగకుండా పడుతోంది. తలుపు సందులోంచి తడి మట్టి వాసన. నేను కుర్చీ లాక్కుని, వైరు చెప్పిన ఫైలు తెరిచాను.

ఒక్కో వరుసలో ఒక పేరు, ఒక సమానం గుర్తు, ఒక అంకె. నా రిజిస్టరులాగే ఉంది. వెలుతురు ఎంత, శబ్దం ఎంత, రోజు ఎంతసేపు అని వరసగా ఉన్నాయి. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ కిందికి వెళితే దొరికింది. 'అమ్మ తిరిగే దూరం'. నలభై అడుగులు.

దాని కింది వరుసే 'కూతురు తిరిగే దూరం'. పై వరుసలోని నలభైని కాగితం మీద రాసుకున్నాను. తర్వాత ఫైల్లో దాన్ని చెరిపి సున్నా పెట్టాను. మా డిపోలో బస్సు పేరు ఎదురుగా సున్నా ఉంటే అది షెడ్డులోంచి కదల్లేదని అర్థం. సున్నా అంటే సున్నాయే. ఒక్క అడుగు కూడా లేదు. సేవ్ చేశాను. టిక్కు పెట్టాను. గేమ్ తెరిచి చూశాను.

అమ్మ బొమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. కదలడం లేదు.

పని అయిందనిపించింది గానీ కూర్చోలేకపోయాను. లేచి కిటికీ మూశాను. మళ్లీ తెరిచాను. మూసిన గొళ్లెం మళ్లీ చూశాను. తిరిగొచ్చి తెర వైపు చూస్తే కిటికీ దగ్గర ఎవరూ లేరు.

ఆ బొమ్మల ఇంట్లో ఒక్కో గదీ వెతికాను. సింకు దగ్గర లేదు. వాకిట్లో లేదు. కూతురు బొమ్మ ఒక్కతే మంచం మీద కూర్చుని తలుపు వైపు చూస్తోంది.

అప్పుడు మా వంటింట్లో కుళాయి తిరిగింది...

నీళ్లు పడుతున్నాయి. ఆ నీళ్ల కింద ఎవరో చేతులు రుద్దుకుంటున్న చప్పుడు. కుళాయి ఆగింది. అడుగులు. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. పదకొండు అడుగులు వేసి ఆగాయి. మళ్లీ వెనక్కి. మళ్లీ కుళాయి. తడి బట్టలు మూట కట్టి వదిలేస్తే వచ్చే ముక్కిపోయిన వాసన గదిలోకి వచ్చింది.

వైరుకి ఫోన్ చేశాను. ఫైల్లో అంకె మార్చానని చెప్పాను.

"ఎంత పెట్టావన్నా?"

"సున్నా."

"ఇలాంటి ఫైళ్లలో సున్నా అంటే కదలొద్దని కాదన్నా. హద్దు లేదని. ఎంత దూరమైనా పోవచ్చని. ఏమైంది, గేమ్ పాడైందా?"

ఫోను భుజానికి ఆనించుకుని ఫైలు మళ్లీ తెరిచాను. టిక్కు తీశాను. కళ్లు వంటింటి వైపే ఉండగా మూడుసార్లు తప్పు కొట్టి, నాలుగోసారి నలభై రాశాను. టిక్కు పెట్టాను. గేమ్ మూసి మళ్లీ మొదలుపెట్టాను.

"నలభై పెట్టాను," అన్నాను మెల్లగా.

"ఇంక భయం లేదు. గేమ్ మొదలైనప్పుడు బొమ్మ ఎక్కడ నిలబడి ఉంటే అక్కణ్ణుంచి నలభై అడుగులు. అది దాటి పోదు."

"ఎక్కడ నిలబడి ఉంటే... అక్కణ్ణుంచా?"

నా కుర్చీ వీపు కిర్రుమంది. ఎవరో దాని మీద చెయ్యి ఆనించినట్టు. నేను తల తిప్పలేదు. తిప్పి ఉండాల్సింది. ఆమె వైపు తిరిగి చూడటం, ఎనిమిది నెలలుగా నేను చెయ్యని పని అదొక్కటే.

అప్పుడే వీధి తలుపు తోసుకుని అమ్మాయి వచ్చింది. ఒళ్లంతా తడిసి ఉంది. తెర వైపు చూసింది.

"అమ్మ ఏది?"

"తర్వాత చెబుతాను. పద, బయటికి పోదాం."

"ఏం చేశావు నాన్నా?"

"చెప్పులు వేసుకో."

వంటింట్లో కుళాయి తిరిగింది. అమ్మాయి అటు చూసింది. దాని మొహంలో భయం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"చేతులు కడుక్కుంటోంది," అని గుసగుసగా అంది. "తర్వాత నా దగ్గరికే వస్తుంది."

జబ్బ పట్టుకుని లాక్కుని బయల్దేరాను. కుర్చీ దగ్గర్నుంచే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మనసులో ఒకటే మాట. నలభై దాటితే పిల్ల నాది. గుమ్మానికి తొమ్మిది. గేటుకి పందొమ్మిది. వెనక అడుగులు వస్తున్నాయి. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. నీళ్లలో చప్ మంటూ...

ముప్పై. వీధి చివర బస్ స్టాప్ కనిపిస్తోంది. వానకి అక్కడెవరూ లేరు. ముప్పై ఐదు. అమ్మాయి వెనక్కి చూడబోయింది.

"చూడకు తల్లీ."

ముప్పై తొమ్మిది. నలభై. కరెంటు స్తంభం పక్కన. ఇంకో అడుగు వేశాను.

నా చెయ్యి వెనక్కి గుంజుకుంది. అమ్మాయి స్తంభం దగ్గరే ఆగిపోయింది. గోడ అడ్డం వచ్చినట్టు చెప్పుల ముందు భాగం వంగిపోతోంది గానీ కాలు ముందుకు పడటం లేదు.

"నాన్నా... రావడం లేదు."

రెండు చేతులూ పట్టుకుని లాగాను. ఎత్తుకోబోయాను. ఇరవై ఆరేళ్లు బస్సుల్ని చూసినవాణ్ణి, బరువంటే తెలుసు. అది బరువు కాదు.

వెనక అడుగులు స్తంభం దాకా వచ్చాయి. ఆగుతాయనుకున్నాను. అమ్మాయి పక్కన కాసేపు ఆగి అలా నిలబడుతుందనుకున్నాను.

ఆగలేదు. కంగారులో ఆ నలభై కింది వరుసలో, కూతురి పేరు ఎదురుగా రాశాననీ, అమ్మది ఇంకా సున్నాయేననీ అప్పుడు తట్టింది. తడి బట్టల వాసన నా మొహాన్ని తాకి ముందుకు పోయింది. నలభై ఒకటి. నలభై రెండు. నేల మీది నీళ్లు ఒక్కో చోటే చెదురుతూ వీధి చివరకి వెళుతున్నాయి.

అమ్మాయి అటే చూస్తోంది.

"నా వైపు చూడనైనా చూడలేదు నాన్నా."

నాలుగూ యాభై బస్సు వచ్చింది. వానరోజు ఖాళీ స్టాపులో అది ఎప్పుడూ ఆగదు. ఆ రోజు ఆగింది. కండక్టరు తలుపు తీసి, ఎవరికో చెయ్యి అందించి, పక్కకి జరిగాడు.

"మెట్టు చూసుకోమ్మా," అన్నాడు.

గంట రెండుసార్లు కొట్టాడు. బస్సు కదిలింది.