ఈసడింపు తూనిక

వకుళ ముసలాయన చెవి వెనక బిళ్ళ అతికించి, ఈసడింపును ఎర్రగీత కిందికి దించుతోంది. తొందరపడితే చెడిపోయే పని ఇది. ఒక్కసారిగా దించితే మనిషికి కన్నతల్లి చేతి పులుసు కూడా చప్పబడుతుంది. అందుకని తూనిక ముల్లును నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్య ఆయన నుదుటి మడతలకేసి చూస్తోంది. మడతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

"ఇప్పుడు వినండి ప్రణీత్ గారూ," అంది.

గదిలో ఆయన మనవడికి నచ్చిన పాట మొదలైంది. మొదలైందని యంత్రం చెప్పింది కాబట్టి నమ్మాలి. ఈ కాలం కుర్రవాళ్ళు వినే నిమ్నం అంటే అంతే. ఒక స్వరం కదిలి పక్క స్వరానికి చేరేలోపు మనిషి భోజనం చేసి, కునుకు తీసి, లేచి మొహం కడుక్కోవచ్చు. పొద్దున్న ఇదే పాట గురించి తాత అన్న మాటకు మనవడు కుర్చీ తన్నాడు.

"ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది," అన్నాడు ప్రణీత్ గారు.

తరవాత మనవడి వంతు. తాత వయసులో ఉండగా వీధి మలుపున గుండెలదిరేలా మోగించుకున్న దరువును వాడికి వినిపించింది. "బాగానే ఉంది తాతా," అన్నాడు వాడు గోడవైపు చూస్తూ. తాత తలుపువైపు చూస్తూ తలూపాడు. వచ్చేటప్పుడు మెట్ల మీద వీళ్ళ అరుపులకు కాకులు లేచిపోయాయి. వెళ్ళేటప్పుడు ఒకరి వెనక ఒకరు, చెప్పుల చప్పుడు తప్ప మరేమీ లేకుండా దిగిపోయారు.

ఈ పూట సున్నకు ఈ జంట సరిపోతుందని వకుళ వాళ్ళ కొలతను పక్కన పెట్టింది. రోజూ మధ్యాహ్నం ఒక జంటను ఎంచి, వాళ్ళ కొలతను సున్నగా పంపడం ఆమె పని. అన్నిటికన్నా నెమ్మదైన జంటను ఎంచాలని నియమం. విశాఖ తీరం పొడుగునా ఉన్న తూనికలన్నీ ఆ సున్న నుంచే లెక్క మొదలుపెడతాయి. సున్నకు ఎంత దూరం పోతే అంత తేడా. ఆ తేడా ఎర్రగీత దాటిందంటే ఆ ఇద్దరినీ ఒక కప్పు కింద ఉండనివ్వరు. పెద్దవాళ్ళను భీమిలి వృద్ధాంతస్తులకు, పిల్లలను సమవయో నిలయాలకు పంపేస్తారు. అది వద్దనుకుంటే సవరణ చేయించుకోవాలి. సవరణతో ఈసడింపు చచ్చిపోదు, దాని మీద మూత పడుతుంది. ఒంటె అందాన్ని గాడిద, గాడిద పాటను ఒంటె మెచ్చుకున్నాయని పూర్వం నవ్వుకునేవారు. ఇప్పుడు రెండు తరాలు కలిసి బతికే ప్రతి తరగృహంలోనూ అదే జరుగుతోంది, నవ్వేవాళ్ళే లేరు.

ఈ పని చేసే సవరణులకు మాత్రం సవరణ ఉండదు. నాలుక చచ్చినవాడికి గరిటె అప్పగించరు కదా. ఈ సవరణ కేంద్రంలో ఈసడింపు పూర్తిగా మిగిలి ఉన్న మనిషి వకుళ ఒక్కతే. దాన్ని ఆమె ఏనాడూ వృథా చేసుకోలేదు.

ముసలివాళ్ళంటే ఆమెకు చిరాకు. కొత్త ప్యాంటు కొని మోకాళ్ళ దగ్గర చింపుకున్న తరం అది. వేడివేడి అన్నం ముందు పెట్టుకుని, దానికి ఫొటో తీసి, చల్లారాక తిన్న తరం. బీరువాలంత స్పీకర్లను బండికెక్కించి దేవుణ్ణి సముద్రం దాకా సాగనంపి, చెవుడు తెచ్చుకుని, ఇవాళ 'మా రోజుల్లో సంగీతం ఉండేది' అంటారు. కుర్రవాళ్ళంటే అంతకన్నా చిరాకు. చూపు నిలవని మసక చొక్కాలు తొడుక్కుని, నోరు కదపకుండా లోమాటలో మాట్లాడుకుంటూ, మూలనపడ్డ ముత్తాతల పేర్లు తగిలించుకుని ఊరేగుతుంటారు. నిమ్నం పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. వింటున్నారో నిద్రపోతున్నారో వాళ్ళకే తెలియాలి. మధ్యలో వకుళ తరం ఒక్కటే కాస్త తెలివిగా పుట్టింది. ఆమె కాలేజీ రోజుల్లో యంత్రాలు వెక్కివెక్కి ఏడుస్తూ పాడేవి. అవి నిజంగా మంచి పాటలు. ఇది తన అభిప్రాయం కాదని, తేలిపోయిన సత్యమని ఆమె నమ్మకం. తూనిక మీద వకుళనే కూర్చోబెడితే ముల్లు విరిగి ఉండేది.

తరవాతి జంట కనిపించకముందే వినిపించింది.

"ఆ చొక్కా ఏటే? మనిషివో, ఆవిరి పట్టిన అద్దానివో తెలీట్లేదు."

"నీ ప్యాంటు కంటే నయమే మామ్మా. ఎలకలు కొట్టేసినట్టుంది."

హారికమ్మ డెబ్బై దాటిన మనిషి. చిరుగుల జీన్సు, మెడ మీద ముడతలు పడి ఏ పక్షో పోల్చుకోలేని పచ్చబొట్టు, చేతిలో అద్దం పగిలిన ఫోను. మనవరాలు నూకాలుకు పదిహేడు. దాని తల్లీ తండ్రీ నడిసముద్రంలో గాలిమరల మీద పనిచేస్తూ ఏడాదికోసారి ఒడ్డుకు వస్తారు. ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే.

"ఇంకా చేత్తో పట్టుకునే ఫోనేంటి మామ్మా? హారతి పళ్ళెంలా ఊరంతా తిప్పుతావు," అంది నూకాలు కూర్చుంటూ.

"నోరుండీ మూగదానిలా తిరగడం కంటే నయమే. కూర్చో."

వకుళ ఇద్దరికీ బిళ్ళలు అతికించింది. ముల్లు ఎర్రగీత దాటి, అంచుకు కొట్టుకుని, అక్కడే వణికింది. ఆమెకు లోలోపల కొంచెం ఆనందమే కలిగింది. ఇంత నిఖార్సైన ఈసడింపును ఈ మధ్య చూడలేదు. అలవాటుగా కింది ముల్లుకేసి కూడా చూసింది. అది ధ్యాస ముల్లు. ఎదుటివాళ్ళ మీద మనసు ఎంత పెట్టారో చెబుతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఏ జంటకూ అది అడుగు నుంచి లేవదు. ఇవాళ అది కూడా అంచుకు కొట్టుకుంటోంది.

యంత్రం పాడైందనుకుంది. తుడిచి మళ్ళీ కొలిచింది. రెండు ముళ్ళూ మళ్ళీ అక్కడికే పోయాయి.

"మామ్మగారూ, మనవరాలి పాట ఎప్పుడైనా విన్నారా?"

"వినకేటమ్మా! మొన్నాదివారం పొద్దున్న మొదలెడితే దీపాలెట్టే వేళ దాకా విన్నాను. మొత్తానికి ఒక్కసారి కదిలిందది. ఇలాగ." హారికమ్మ పెదవులు బిగించి, గొంతు అడుగున ఒక స్వరాన్ని పట్టి, కదిలీ కదలనట్టు కిందికి జార్చింది. "మా పాత ఫ్రిజ్జు ఆగిపోయే ముందు ఇలాగే మూలిగేది. ఈ గుంట దీన్ని పాటంటాది."

"జారేది అక్కడ కాదు, ఇంకాస్త ముందు," అంది నూకాలు.

"అక్కడే. నిన్న నువ్వు దాన్ని ముందుకి జరిపావు. జరిపాక ఇంకా పాడైపోయింది. మొదటిదే కాస్త మూలుగులా ఉండేది."

నూకాలు కాసేపు తల వంచుకుని లోపల్లోపల కూనిరాగం తీసుకుంది. "అవునే," అంది చివరికి.

వకుళ ఆశ్చర్యపోయింది. "పాట నువ్వే కట్టావా అమ్మాయ్?"

"నేనే కట్టానండి."

"నీ స్నేహితులేమన్నారు?"

"బావుందన్నారు. ఒక్కళ్ళూ చివరిదాకా వినలేదు. మామ్మే వింటాది."

"తిట్టాలంటే పూర్తిగా వినాలి కదమ్మా," అంది హారికమ్మ. "సగం విని తిడితే అదేం తిట్టు?"

నూకాలు ఊరుకోలేదు. మామ్మ పరువు కూడా తీయాలి కాబట్టి లేచి నిలబడి, నిమజ్జనం బండి ముందు హారికమ్మ ఒకప్పుడు వేసిన గంతులు వేసి చూపించింది. నాలుక కరుచుకుని, చేతులు గాల్లోకి విసురుతూ, వెక్కిరింపుగా, ఒక్క అడుగు తప్పకుండా.

"భుజం కదపవే, భుజం! కొయ్యబొమ్మలా ఉన్నావు," అని అరిచింది హారికమ్మ.

వకుళ గొంతు సవరించుకుంది. నవ్వు వచ్చింది, అణుచుకుంది. "మామ్మగారూ, మీ ఇద్దరి తేడా గీత దాటిపోయింది. ఇవాళ సవరణ చేయించుకుంటే ఒకే ఇంట్లో ఉండొచ్చు."

"చేస్తే ఏటవుద్ది?"

"అమ్మాయి పాట మీకు బాగానే ఉందనిపిస్తుంది. మీ పాట అమ్మాయికీ అంతే."

"చేయించుకోకపోతే?"

"మీరు భీమిలి వెళ్ళాలి. అమ్మాయిని నిలయంలో చేర్చుకుంటారు."

హారికమ్మ ఫోనును ఒళ్ళో పెట్టుకుని, పగిలిన అద్దాన్ని బొటనవేలితో రుద్దింది. ఎంత రుద్దినా పగులు పోదని ఆమెకూ తెలుసు. "చెయ్యమ్మా," అంది. "ముందు నాకే చెయ్యి. దీన్ని ఊరిమీద వదిలెయ్యలేను. పొద్దున్నే పీకల దాకా అరిస్తేగాని ఇది తిండి తినదు."

"వద్దు మామ్మా," అంది నూకాలు. "చేయించుకుంటే నా పాట నీకు బాగానే ఉంటాది. బాగానే ఉంటే ఇంక వినవు."

"భీమిలి పోతే మాత్రం ఎలా వింటానే?"

నూకాలు మసక చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. వకుళ బిళ్ళ మీద వేలు పెట్టింది గానీ ముల్లు తిప్పలేకపోయింది.

ఆమెకు కొడుకు అప్పన్న గుర్తొచ్చాడు. వాడి అరుపులు పడలేక ఒక సెలవురోజున కేంద్రం నుంచి బిళ్ళ ఇంటికి తీసుకెళ్ళి, తన చేత్తోనే వాడికి మూత పెట్టింది. ఆ తరవాత ఇల్లు ప్రశాంతంగా ఉందని పక్కింటివాళ్ళకు గొప్పగా చెప్పుకుంది. చొక్కా తెస్తే "బాగానే ఉందమ్మా." కూర మాడితే "బాగానే ఉందమ్మా." గదిలో తలుపేసుకుని వాడూ ఏవో పాటలు కడుతుంటాడు. ఎలాంటివో ఆమెకు తెలియదు. తగువే లేనప్పుడు వినాల్సిన పనేముంది? ముసలివాళ్ళ మీదా కుర్రవాళ్ళ మీదా ఇన్నేళ్ళు పంచిపెట్టగా మిగిలిన ఈసడింపంతా ఒక్కసారిగా ఆమెకు తన మీదే పుట్టుకొచ్చింది. ఇంతకన్నా నిఖార్సైనది ఆమె ఎప్పుడూ కొలిచి ఉండదు.

సున్న పంపాల్సిన వేళ అయిందని బల్ల మీద దీపం వెలిగింది. ప్రణీత్ గారి జంట కొలత తెర మీద సిద్ధంగా ఉంది. వకుళ దాన్ని తీసేసింది. ఆ స్థానంలో, ఎదురుగా కూర్చుని ముక్కులు చీదుకుంటున్న ఈ ఇద్దరి కొలతను పెట్టి పంపేసింది.

"అయిపోయిందా?" అంది హారికమ్మ భయంగా.

"అయిపోయింది. మీ తేడా ఎంతో మీరే చూడండి."

ముల్లు సున్న మీద నిలబడి ఉంది.

"నాకేం చెయ్యలేదు కదమ్మా. దీని చొక్కా నాకింకా అసయ్యంగానే ఉంది."

"అలాగే ఉండనివ్వండి. మీరు ఇంటికి వెళ్ళొచ్చు. ఇద్దరూ."

వాళ్ళు మెట్లు దిగుతుంటే ఫ్రిజ్జు గురించి మళ్ళీ మొదలైంది. కాకులు లేచాయి.

పర్యవేక్షకుడు భానోజీరావు వెంటనే లైనులోకి వచ్చాడు. సవరణ చేయించుకున్న మనిషే గానీ గొంతులో కంగారు వినిపించింది.

"మేడమ్, తీరమంతా తూనికలు సున్నకి దిగువ చూపిస్తున్నాయి. విశాఖ జంటల దగ్గర్నుంచీ కాకినాడ జంటల దాకా అంతే. ఎవరికీ చాలినంత ఈసడింపు లేదట! పొద్దున్న మీరు సవరించిన ప్రణీత్ గారిని భీమిలికి పంపమంటున్నాయి."

"తూనిక తప్పు చెప్పదని మీరేగా అంటారు."

"అంటాను. కానీ..."

"తేడా వచ్చినవాళ్ళని నియమం ప్రకారం ఏం చెయ్యాలండీ?"

"సున్నకి తేవాలి."

"అయితే తెద్దాం. పెట్టిన మూతలు తీస్తే సరిపోతుంది."

"సున్న మార్చెయ్యండి మేడమ్."

"రేపు మధ్యాహ్నం దాకా కుదరదని మీకూ తెలుసు. రేపటికి మూతలు తెరుచుకున్న ఇళ్ళలో నెమ్మదైన జంట ఎక్కడైనా దొరికితే పంపండి, పెడతాను."

"మా ఇంట్లో అమ్మ ఉంది మేడమ్," అన్నాడు భానోజీరావు నీరసంగా. "మూత తీస్తే నా మీసం గురించి మొదలెడుతుంది."

"అదృష్టవంతులు," అని వకుళ లైను తీసేసింది.

ఉద్యోగుల ఇళ్ళవాళ్ళే ముందు రావాలని పిలుపు వెళ్ళింది. సాయంత్రం అప్పన్న వచ్చాడు. వాడు కూడా పదిహేడేళ్ళవాడే. ఆమె కొన్న చొక్కానే వేసుకున్నాడు. ఆమె ఎంచిన పద్ధతిలోనే తల దువ్వుకున్నాడు.

"రమ్మన్నారటమ్మా, వచ్చాను."

"కూర్చో. భయం లేదు."

"బాగానే ఉంది," అంటూ కూర్చున్నాడు.

వకుళ వాడి చెవి వెనక బిళ్ళ అతికించి, ముల్లును పైకి తిప్పింది. ఎప్పుడూ కిందికే తిప్పిన చెయ్యి కావడంతో కొంచెం తడబడింది. మూత లేవడం తెర మీద కనిపించింది. వాడి నుదుటి మీద ఒక మడత పడింది. వాడు ఒంటి మీది చొక్కాకేసి అప్పుడే చూసుకున్నట్టు చూసుకున్నాడు. వకుళ తన కాలేజీ రోజుల పాట ఒకటి పెట్టింది. యంత్రం వెక్కివెక్కి ఏడ్వసాగింది.

అప్పన్న మొహం చిట్లించాడు.

"ఛీ! ఏంటమ్మా ఇది? మిక్సీకి జలుబు చేసినట్టుంది. దీన్ని నువ్వు కావాలనే వినేదానివా?"

వకుళకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. రెండూ ఒకేసారి జరగడం ఆమెకు కొత్త.

"నోర్ముయ్‌రా! నీ గదిలో నువ్వు కట్టేవేమో గొప్ప పాటలు మరి!"

"వినకుండా అనకు."

"వింటాను. పెట్టు. చివరిదాకా వినే అంటాను."

వాడు అనుమానంగా చూసి పాట పెట్టాడు. అది ఘోరంగా ఉంది. వకుళ కుర్చీని దగ్గరికి లాక్కుని వింటూ కూర్చుంది.