బోధన్ కెర్నల్ కుట్ర

"సాయంత్రం నాలుగింటికి రిజర్వాయర్ గేట్ల కంప్యూటర్‌లోకి కొత్త కెర్నల్ దిగుతుంది," అన్నాడు చీఫ్. "అందులో ఒక డ్రైవర్ విషం."

కర్టెన్లు మూసిన గదిలో ఏజెంట్ సీమోను నిలబడే విన్నాడు. కెర్నల్ కంప్యూటర్‌కు గుండెకాయ. డ్రైవర్ ఆ గుండెకూ తగిలించిన పరికరానికీ మధ్య దుబాసీ. ఇది ఇంకా ప్రయోగ దశలో ఉన్న ఉచిత కెర్నల్. ఎవరైనా చదవొచ్చు, డ్రైవర్ రాసి కలపొచ్చు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌లో విదేశీ ముఠా ఉచ్చు పెట్టింది. వాళ్ల సిగ్నల్ అందితే గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దిగువన రెంజల్ దాకా ఊళ్లే.

"ఆపలేమా?"

"సైట్ ఫోన్లు కోసేశారు. శాటిలైట్ లింక్ ఒక్కటే ఉంది. కంప్యూటర్ తనంతట తానే దించుకుంటుంది. డ్రైవర్ మీద బోధన్ దేవన్న పేరుంది. పట్టుకో. అక్కడ మన మనిషి రాధాబాయి కలుస్తుంది."

మూడున్నరకు బ్యాటరీ మెకానిక్ వేషంలో సీమోను బోధన్‌లో దిగాడు. చెరుకు బండ్ల పక్కన నల్లద్దాల రాధాబాయి.

"కందకుర్తిలో నీళ్లెలా ఉన్నాయి?"

"రెండు నదులూ ఒక్కటే నడుస్తున్నయ్."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వు మాత్రం సరిపోలేదు.

దేవన్న గదిలో ఆమె స్క్రీన్ చూపింది. "డిసెంబర్ 14, శుక్రవారం, పొద్దున పదకొండు. మార్పు చేసింది దేవన్న. బేడీలు వేయండి."

"గా మార్పు నేను చేయలేదన్నా!" అన్నాడు దేవన్న.

తల్లి ముత్తవ్వ గడప దాటి వచ్చింది. "శుక్రారం అమాస గదా బిడ్డా! అమాస నాడు మేం ఎడ్లకు కాడి కట్టం. వీడు గా డబ్బను సుత ముట్టడు. ప్లగ్గు పీకి, పసుపు పెట్టి, తువాల కప్పుతడు."

"కట్టుకథ!" అంది రాధాబాయి.

సీమోను ఆలోచించాడు. అనుమానమే ఉద్యోగమైనవాడు ఎవరి మాట నమ్మాలి, ప్రభువా? అమావాస్య తన ఇంటి లెక్క కాదు. కానీ ఆదివారం తన తల్లి శారమ్మ కొడవలి ముట్టదు. విశ్రాంతి రోజు ఎంత గట్టిదో అతనికి తెలుసు.

"మేడమ్, దేవన్న లైన్‌లో లేని రోజు చూసుకుని అతని పాస్‌వర్డ్ వాడారు. ఎందుకు లేడో అడగలేదు. ఈ రాష్ట్ర సరిహద్దులో పుట్టిన రాధాబాయి అయితే అడగాల్సిన పనే లేదు. మీరు ఆమె కాదు."

ఆమె చేతిలోని లిప్‌స్టిక్‌లోంచి సన్నని తుపాకీ గొట్టం బయటికొచ్చింది. సీమోను బ్యాటరీ పెట్టె మీట నొక్కాడు. తీగ ఎగిరి ఆమె మణికట్టును తాకింది. ఆమె షాక్‌కు కూలబడింది.

"ఓ దొరసాని!" అంది ముత్తవ్వ. "మా ఇంట్లకు చెప్పులతోని వచ్చినప్పుడే అనుకున్న."

మూడు యాభై నాలుగు. మోడెమ్ కీచుమంది. దేవన్న ఆ డ్రైవర్ పీకేసి, అమావాస్యకు ముందటి మంచి డ్రైవర్‌ను తిరిగి కలిపాడు. కంపైల్. తొంభై శాతం. తొంభై ఎనిమిది.

"కొడుకా, జల్ది!"

నాలుగుకు ఇంకా మూడు సెకన్లు. అప్‌లోడ్ పూర్తి. నాలుగింటికి మంచి కెర్నలే దిగింది. గేట్లు కదల్లేదు.

శాటిలైట్ ఫోన్‌లో చీఫ్ గొంతు: "శభాష్! ఫైలు టాప్ సీక్రెట్. ఒక్క ముక్క బయటికి పొక్కొద్దు."

సీమోను దేవన్న వైపు తిరిగాడు. దేవన్న తల గోక్కున్నాడు.

"ఏది మార్చినా ఎందుకు మార్చిన్నో మెయిలింగ్ లిస్టుల అందరికి రాయాలె అన్నా, గది రూలు. అంత రాసి పంపిన. పదకొండు దేశాల నుంచి జవాబులు గూడ వచ్చినయ్. ఒకాయన అమాస అంటే ఏందని అడుగుతుండు."