ఆదివారం కాఫీకి నేనూ వస్తా

మా అమ్మాయి మమత ఆ అబ్బాయి కప్పులో కాఫీ తాగిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఉండకుండా ఎట్లా ఉంటాను? జహీరాబాద్ బైపాస్ మీద కొత్తగా కేఫ్ పెట్టారట, పోయి వస్తానని అది అనగానే నా కళ్ల ముందు కనిపించింది కేఫ్ కాదు, హైవే. బొంబాయి పోయే లారీలు, హైదరాబాద్ పోయే బస్సులు, వాటి మధ్యలో స్కూటీ మీద నా కూతురు.

"ఆదివారం కాఫీకి నేనూ వస్తా" అన్నాను.

"నువ్వు కాఫీ తాగవు గదమ్మా" అంది.

"తాగ. చూస్త."

మా ఆయన మహాదేవప్ప అల్లం పండిస్తాడు. అల్లం చాయ్ తప్ప మా ఇంటికి ఇంకొకటి తెలియదు. మమత బెంగళూరులో బీఈడీ చదివి వస్తూ ఇత్తడి ఫిల్టరు ఒకటి తెచ్చింది, దానితోపాటు ఈ పిచ్చినీ తెచ్చింది. ఝరాసంగం దగ్గర బడిలో టీచరు ఉద్యోగం వచ్చాక అది మరీ ముదిరింది. నేను మొక్కుకున్న గుడి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో దానికొక కాఫీ హోటల్ తెలుసు. ధర్మస్థల నుంచి తిరిగి వస్తూ చిక్కమగళూరులో దించింది. ఘాట్ రోడ్డు పొడుగునా నేను కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుంటుంటే, అది కిటికీలోంచి తల బయట పెట్టి కాఫీ పూల వాసన చూసింది. ఆ తల ఎదురొచ్చే బస్సుకు తగులుతుందని నా ప్రాణం పోయింది. వాసన బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇంతకీ కప్పు సంగతి. కేఫ్‌లోకి మేం అడుగు పెట్టామో లేదో వాన మొదలైంది. తడుస్తూ నలుగురైదుగురు లోపలికి పరుగెత్తుకొచ్చారు. కేఫ్ నడిపే షాదాబ్ ఒక్కడే కాఫీలు కలిపి, తనే టేబుళ్ల మీద పెడుతున్నాడు. ఆ గడబిడలో కప్పులు మారాయి. మమత ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఇది కాఫీయా, పాయసమా?"

పక్క టేబుల్ దగ్గర కూర్చున్న అబ్బాయి తల తిప్పాడు. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. "పాయసం నాదండి. మీ కషాయం ఇక్కడున్నది."

"తాగిన్రా?"

"ఒక్క గుక్క. నాలుక ఇంక తిరిగి రాలే."

చక్కెర ఎన్ని చెంచాలని అది టీచరమ్మలాగా నిలదీసింది. మూడు అని ఒప్పుకున్నాడు. అట్లాంటప్పుడు ఉత్త చక్కెరే తినవచ్చు కదా అంది. చక్కెర తినడానికి కేఫ్‌కు వస్తే నవ్వుతారని కాఫీ కూడా చెప్పానన్నాడు. అది నవ్వింది. నా కూతురు ముక్కూ మొహం తెలియని వాడి ముందు అట్లా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను నా కుర్చీని దాని పక్కకు ఇంకొంచెం జరుపుకున్నాను.

పేరు రాజశేఖర్. ఊరు నర్సంపేట. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. వచ్చి ఎనిమిది నెలలే అయింది. వాన వల్ల లోపలికి వచ్చాడు, అసలు కేఫ్ మెట్లెక్కడమే ఇదే మొదలట. ఇవన్నీ మమత అడగలేదు, నేనే అడిగాను. దొంగ ఎవడో దొర ఎవడో తెలుసుకోవద్దా?

తర్వాతి ఆదివారం చుక్క వాన లేదు. ఆ అబ్బాయి ఉన్నాడు.

ఆ పై ఆదివారమూ ఉన్నాడు. చక్కెర రెండు చెంచాలకు దిగింది. మమత వాడికి కాఫీ తాగడం నేర్పుతోంది. ముందు వాసన చూడాలట, తర్వాత చిన్న గుక్క, మింగకుండా కాసేపు నోట్లోనే ఉంచాలట. వాడు బుగ్గలు ఉబ్బించి కూర్చుంటే అది నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగేది. అరకు రైల్లో పోయి వచ్చానని వాడు ఒకసారి చెప్పాడు. అక్కడ కాఫీ ఎట్లుందని అది ఆత్రంగా ముందుకు వంగింది. సొరంగాలు లెక్కపెడుతూ పోయాను, కాఫీ సంగతే గుర్తుకు రాలేదన్నాడు. అది వాణ్ని ఎంత జాలిగా చూసిందంటే, పోయిన జన్మలో ఏం పాపం చేశాడో అన్నట్టు చూసింది.

నాకైతే రోజుకో భయం. పెళ్లయినవాడేమో. సిగరెట్లు తాగుతాడేమో. అంత చక్కెర తింటాడు, ఇంట్లో అందరికీ షుగర్ జబ్బేమో. చివరికి తెగించి ఒక ఆదివారం ఇంటికే పిలిచాను. మనిషిని ఇంట్లో కూర్చోబెడితే గుణం బయటపడుతుంది కదా. మా ఆయన తోటకు పోయి ఉన్నాడు. మమత పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫిల్టరు కడిగింది.

వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వరుసగా విడిచాడు. పెళ్లి కాలేదు, సిగరెట్టు లేదు, ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. మమత ఇచ్చిన కాఫీ మెల్లగా తాగి, మీ ఇంటి కాఫీ కోసం రోజూ రావాలనిపిస్తుందన్నాడు. ఆ మాట ఎవరికి చెప్పాడో నాకు అర్థమైంది. కంగారులో నేను మమత గ్లాసులో పాలు పోస్తూనే ఉన్నాను. అది చాలు చాలని గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇటు తిరిగి చూసేసరికి ఆ అబ్బాయి మొహం మాడిపోయి ఉంది. ఐదు నిమిషాల్లో పనుందని వెళ్లిపోయాడు. పాలు విరిగాయేమో, వాడి కడుపులో తిప్పిందేమో అని నేను గిన్నె వాసన చూశాను.

ఆ తర్వాత మూడు ఆదివారాలు వాడు కేఫ్‌కు రాలేదు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. మమత మొదటి వారం తలుపు వైపు చూసింది. రెండో వారం చూడలేదు. మూడో వారం కాఫీ సగం వదిలేసింది. నేను అది చూసి భయపడ్డట్టు దానికి జ్వరం వచ్చినప్పుడు కూడా భయపడలేదు. ఇన్నాళ్లూ వాడు వస్తాడని భయం. ఇప్పుడు రాడని భయం.

నాలుగో ఆదివారం అది బీదర్‌కు ఒక్కతే బస్సెక్కి పోయింది. కోట దగ్గర పాత రాతి ఇంట్లో కేఫ్ ఉందట, ఎప్పటినుంచో చూడాలని ఉందట. నేనూ వస్తానంటే, "ఈ ఒక్కసారి వద్దమ్మా" అంది. అది అట్లా అనడం అదే మొదలు.

నేను ఇంట్లో ఉండలేకపోయాను. షేర్ ఆటో ఎక్కి ఒంటరిగా బైపాస్ కేఫ్‌కు పోయాను. షాదాబ్‌ను అడిగితే ఏమైనా తెలుస్తుందనుకున్నాను. అడగనక్కర్లేకపోయింది. మూలన రాజశేఖర్ కూర్చుని ఉన్నాడు. ముందర లాప్‌టాప్, ముట్టని కాఫీ. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

నాగ్‌పూర్‌కు ఫ్యాక్టరీవాళ్లు బదిలీ మీద పొమ్మంటున్నారని చెప్పాడు. పోతావో పోవో సాయంత్రం ఐదింటిలోపల మెయిల్ పెట్టమన్నారట. పోతానని రాసి పెట్టుకుని, పంపలేక మధ్యాహ్నం నుంచి దాన్నే చూస్తున్నాడు. అప్పటికి మూడు కావస్తోంది.

"మా పిల్ల నిన్నేమన్న అన్నదా బిడ్డా?"

ముట్టని కప్పును పక్కకు జరిపాడు. "సాకు అన్నది ఆంటీ."

"ఏందీ?"

"మీ ఇంటి కాఫీ కోసం రోజు రావాలనిపిస్తది అన్న గద. నా దిక్కు గూడ చూడకుండ సాకు, సాకు అన్నది, రెండుసార్లు. కాఫీ వంక పెట్టుకొని నేను ఎందుకు వస్తున్ననో ఆమెకు తెలిసిపోయిందనుకున్న. సిగ్గయింది. మళ్ల మొకం ఎట్ల చూపియ్యాలె?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. మా పెద్దలది బీదర్ వైపు. ఊళ్లో తెలుగు మాట్లాడినా మా వంటింట్లో సగం కన్నడమే దొర్లుతుంది.

"అయ్యో పిచ్చి బిడ్డా, కన్నడంల సాకు అంటే చాలు. నేను దాని గ్లాసుల పాలు పోస్తుంటే చాలమ్మా అన్నది. ఆ మాట నీకు గాదు, పాలకు."

"పాలకా?"

"పాలకే."

రాజశేఖర్ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. కౌంటర్ వెనక షాదాబ్ మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడే ఫోన్‌లో చెప్పేస్తానని నేను మమతకు కలిపాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మూడోసారీ ఎత్తలేదు. బయట చూస్తే బీదర్ వైపు ఆకాశం నల్లగా ఉంది.  బస్సు జారిందో, కోట దగ్గర గోడ కూలిందో. ఏం కాదని చెప్పమని వాడి వైపు చూశాను. వాడు అప్పటికే లాప్‌టాప్ మూసి బండి తాళంచెవి తీసి నిలబడి ఉన్నాడు. మొహం నా మొహంకన్నా పాలిపోయి ఉంది. ఈ పిల్లాడు మనవాడేనని అప్పుడు అనుకున్నాను.

"బండి మీద కూసోండి ఆంటీ, పోదాం."

నేను జన్మలో మోటార్ సైకిల్ ఎక్కలేదు. షాదాబ్ తన హెల్మెట్ తెచ్చి నా నెత్తిన పెట్టి, గడ్డం కింద బిగించాడు. ఊరు దాటగానే వాన అందుకుంది. అటూ ఇటూ చెరకు తోటలు వాన తెరలో తెల్లగా మసకబారాయి. చినుకులు గులకరాళ్లలాగా తగులుతున్నాయి. మొదట మెల్లగా పో మెల్లగా పో అని వాడి భుజం పట్టుకుని అరిచాను. కొంత దూరం పోయాక ఐదు గంటల సంగతి గుర్తొచ్చింది.

"జర జల్దీ పో బిడ్డా."

నా నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు నేనే హడలిపోయాను. అయినా మళ్లీ అన్నాను.

బీదర్‌లో అడుగుతూ అడుగుతూ ఆ రాతి ఇల్లు పట్టుకునేసరికి నాలుగున్నర. లోపల మమత కిటికీ పక్కన హాయిగా కూర్చుని ఉంది. ఒక్క చినుకు పడలేదు దాని మీద. ఫోన్ సంచిలో ఉందట. హెల్మెట్‌తో, కారుతున్న చీరతో నేను గుమ్మంలో కనిపించేసరికి లేచి నిలబడింది.

"అమ్మా, నాన్నకేమైంది?"

నా కూతురే, అనుమానం లేదు.

"ఎవరికేం గాలే. నువ్వు ఫోన్ ఎత్తలే."

"కాఫీ తాగుతున్న గదమ్మా" అంటూ నా వెనక చూసింది. అక్కడ రాజశేఖర్ కింద మడుగు కడుతోంది. దాని మొహం బిగుసుకుంది. "మీరెందుకొచ్చిన్రు?"

"కాఫీకి."

"జహీరాబాద్‌ల దొరుకుతలేదా?"

"కాఫీ దొరుకుతది. మీరు దొరుకుతలేరు."

నేను కౌంటర్ దగ్గరికి జరిగాను. చెవులు మాత్రం జరగలేదు. వాడు పాల సంగతి చెప్పాడు. అది రెండు చేతుల్లో మొహం దాచుకుంది, భుజాలు ఊగిపోయేట్టు నవ్వింది. నవ్వు ఆగాక కోపం వచ్చింది.

"నాలుగు వారాలు. ఒక్కసారి అడగచ్చు గద?"

"అడిగితే అవునంటరేమోనని."

"అంటే ఏమైతది?"

"ఏమైతది, అది నిజమే గదా. మీరు అనలే గానీ, కాఫీ సాకే. నేను వచ్చింది మీ కోసం." గుక్క తిప్పుకున్నాడు. "నాగ్‌పూర్ పొమ్మన్నరు. ఐదింటిలోపల చెప్పాలె. మీరు ఉండమంటే ఉంట."

మమత బల్ల మీది కప్పును ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పింది. గోడ మీది గడియారం నాలుగూ నలభై దాటింది. 

"నేనెందుకు ఉండమనాలె? మీకు ఉండాలని లేదా?"

"ఉన్నది."

"మరి రాయండి."

ఫోన్ తీశాడు. వేళ్లు తడిగా ఉండి అక్షరాలు తప్పుతున్నాయి. తన చున్నీ కొంగుతో అది వాడి ఫోన్ తుడిచింది. రాయడం అయింది, పంపడం కాలేదు. ఆ రాతి గోడల మధ్య సిగ్నల్ లేదు. ఇద్దరూ బయటికి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. నడిరోడ్డు మీద వానలో వాడు చెయ్యెత్తి ఫోన్ పట్టుకుంటే, అది మునివేళ్ల మీద లేచి చూసింది. నాలుగూ యాభై మూడుకు మెయిల్ పోయింది.

"మీ ఇంట్ల చెప్పిన్రా?" మమత అడిగింది.

"మా అమ్మకు నెల కిందనే చెప్పిన. మీకే చెప్పలే."

అది తల దించుకుని, "మా అమ్మకు నేను చెప్పకుండనే తెలిసింది" అంది.

నేను అరుగు మీదికి పోయి మా ఆయనకు ఫోన్ కలిపాను. ఉన్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. వానలో బండెక్కానన్న మాట మాత్రం మింగేశాను.  ఇక అయిపోయింది, ఇల్లు రణరంగమే అనుకున్నాను.

"పిల్ల ఏం జేస్తున్నది?" అన్నాడు.

"వానల నిలబడి నవ్వుతున్నది."

"మరి నన్నేం అడుగుతవే? ఆ పిలగాన్ని రాత్రి బువ్వకు తోల్కరా. నేనూ చూడొద్దా?"

వాన తెరిపిచ్చింది. నేను హెల్మెట్ విప్పి మమత నెత్తిన పెట్టాను, గడ్డం కింద బిగించాను.

"మరి నువ్వు?"

"బస్సుకొస్త."

"ఒక్కదానివా?" దానికి నమ్మకం కుదరలేదు. వాడి బండి మీద తనను పంపుతున్నది నేనేనా అని నా మొహంలోకి వెతుక్కుంది. నలభై దాటొద్దని వాడికి చెప్పాను. మలుపుల దగ్గర హారన్ కొట్టమన్నాను. లారీ వెనక పోవద్దన్నాను. అన్నింటికీ తల ఊపాడు. అప్పుడు పొమ్మని చెయ్యి ఊపాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటిన చోట వాళ్ల బండి మా బస్సును దాటి ముందుకు పోయింది. మమత ఒక చెయ్యి వాడి భుజం మీద వేసి, ఏదో చెబుతూ వెనక్కి తిరిగి నాకు రెండో చెయ్యి ఊపింది. రెండు చేతులతో పట్టుకోమని కిటికీలోంచి అరుద్దామనుకున్నాను. అరవలేదు.

కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

"పెండ్లింటికి" అన్నాను.

ఆయన టికెట్ మిషన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఊరు చెప్పమ్మా."