రెండో వేలిముద్ర

నేను పనిచేసిన లాండ్రీ ఒక పెద్ద భవనం కింద, నేలమాళిగలో ఉండేది. ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల గుడ్డలు పసుపు సంచుల్లో అక్కడికి వచ్చేవి. కిటికీలు లేవు. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్ల వెలుగే. మెట్లు దిగుతుంటేనే వాసన ఎదురొచ్చేది. పైన బ్లీచింగ్, సోడా. వాటి కింద దాగాలని చూసి దాగలేని మనిషి వాసన. మొదటి వారమంతా నాకు ముద్ద దిగలేదు.

లోపలికి ఫోన్ తేకూడదు. గేటు దగ్గర గూళ్ల బీరువా ఉంది, తలా ఒక గూడు. నాది పదిహేడో నంబరు. పొద్దున ఎనిమిదికి అందులో పెట్టి తాళం వేస్తే మళ్లీ సాయంత్రం ఐదుకే. మా సూపర్‌వైజర్ తన ఫోన్ మాత్రం తెచ్చుకునేవాడు. "నాది ఆఫీసు పని" అనేవాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు కెమెరా. ఎవరి జేబు ఎత్తుగా ఉన్నా అక్కడ వాలిపోయేవాడు.

సాయంత్రం ఫోన్ చేతికొచ్చినా అది తెరుచుకునేది కాదు. రోజంతా నీళ్లలో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి, మా ముద్రని మా ఫోన్లే పోల్చుకునేవి కావు. గేటు దగ్గర ఆడవాళ్లందరం వేళ్లు తుడుచుకుంటూ నంబర్లు నొక్కుతుంటే నవ్వొచ్చేది.

"చూశావా, చేసుకున్న మొగుడే గుర్తుపట్టనట్టు!" అనేది పిన్ని. నాకు సొంత పిన్ని కాదు. పదేళ్లుగా దుప్పట్లు మడతపెడుతున్న పెద్దావిడ, అందరికీ పిన్నే.

నాకెందుకంత తొందరంటే, ఫోన్‌లో అతనుండేవాడు. ఫోటోలు పెట్టుకునే ఒక పేజీలో పరిచయం, అక్కడ అతని పేరు వానచుక్క. అసలు పేరు నేనడగలేదు. అడిగితే ఆ అందం పోతుందనిపించింది. ఏడు నెలలుగా రాసుకుంటున్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అతను మేఘాల ఫోటోలు పెడితే నేను మా మేడ మీది చందమామని పెట్టేదాన్ని. వదిన ఎగతాళి చేసేది, "ఆ వానచుక్క ఎప్పుడు కురుస్తాడే? గొడుగు కొనుక్కోవాలా?" అని.

ఒక బుధవారం పొద్దున అతను రాశాడు. "ఇంట్లో సంబంధం చూశారు. సాయంత్రం నాలుగింటికి నా మాట చెప్పాలి. నువ్వు సరేనంటే ఆ సంబంధం వద్దంటాను. ఆదివారం వచ్చి నీ చెయ్యి పట్టుకుంటాను. నాలుగులోపు చెప్పు."

అప్పుడే సరేనని రాసెయ్యచ్చు. కానీ అలాంటి మాట బస్సులో నిలబడి, ఒకరి మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంటుంటే రాయకూడదనుకున్నాను. మంచి వాక్యం ఒకటి కుదరాలి. మధ్యాహ్నానికి కుదురుతుందిలే అనుకున్నాను. నా పిచ్చి అది.

ఫోన్‌ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ముడేసి, జాకెట్టులో దోపుకుని లోపలికి తెచ్చాను. కెమెరా వెతకని చోటు అక్కడ ఒక్కటే... మురికి సంచులు. వాటి జోలికి ఆయన రాడు. మూలన, అన్నింటికన్నా అడుగున ఉన్న సంచిలో దాన్ని కుక్కాను. చెయ్యి బయటికి తీస్తే జిగురుగా ఉంది. దేనిదో చూడకుండా కడుక్కున్నాను.

పిన్ని చూసేసింది. దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది, "ఆ మూల వద్దే అమ్మాయ్."

"ఎందుకు?"

అప్పుడు చెప్పింది. ఇదివరకు ఆ మూలనున్న నాలుగో యంత్రం దగ్గర ఒకామె ఉండేదట. ఎడంచేత్తో ఫోన్ పట్టుకుని తన పని లైవ్‌లో చూపించేదట. చాలామందే చూసేవారట. ఒకరోజు నీళ్లు పిండే డ్రమ్ము పూర్తిగా ఆగకముందే మూత తీసి, ఫోన్ వైపు నవ్వుతూ కుడిచెయ్యి లోపల పెట్టింది. దుప్పటి అంచు బొటనవేలికి చుట్టుకుంది.

"వేలు మొదలంటా పోయింది. ఫోన్ కింద పడినా లైవ్ ఆగలేదు. అది అరుస్తుంటే తెర మీద ఎర్ర గుండెకాయలు పైకి తేలుతూనే ఉన్నాయి. నేనే చూశాను. ఛీ! మనుషులా వాళ్లు?"

"ఆమె..."

"చెయ్యి విషమెక్కి పదకొండో రోజున పోయింది. ఆసుపత్రిలో అది కప్పుకున్న దుప్పట్లు ఉతకడానికి మళ్లీ మన దగ్గరికే వచ్చాయి. ఉతికింది నేనే. ఫోన్లు వద్దన్నది ఆ తర్వాతే." పిన్ని ఆ మూల వైపు చూడకుండా అంది. "వేలు మాత్రం దొరకలేదు. జల్లెడలో వెతికాం, కాలవలో వెతికాం."

ఆ పూట భోజనాల దగ్గర కెమెరా గోడకి చేరగిలబడి, ఫోన్ చూస్తూ తింటున్నాడు. వెనక నుంచి వెళ్తూ చూశాను. నాలుగో యంత్రం. ఎర్ర గుండెకాయలు. ఆయన దవడ ఆడుతూనే ఉంది. బొటనవేలితో వీడియోని వెనక్కి జరిపి మళ్లీ మొదటినుంచి పెట్టాడు. నేను తినకుండానే డబ్బా మూసేశాను.

మూడున్నరయింది. వాక్యం కుదిరింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

యంత్రాలు ఒక్కొక్కటీ మూలుగుతూ ఆగాయి. అంత చీకటి నేనెప్పుడూ చూడలేదు. పైప్‌లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు. మురికి నీళ్ల కాలవ గుటకలు వేస్తోంది.

"ఎవరూ కదలకండి! జనరేటర్ వేయిస్తున్నా!" మెట్ల దగ్గర కెమెరా అరిచాడు.

నాకు అదే అదను. గోడ తడుముకుంటూ మూలకి వెళ్లాను.

సంచుల అడుగున వెలుగు కనిపించింది. పసుపు గుడ్డలోంచి మసగ్గా, పుండులోంచి చీము కనపడినట్టు. నా ఫోన్ వెలుగుతోంది. మెసేజ్ వచ్చిందేమో అనుకున్నాను. కానీ ఆ వెలుగు కదులుతోంది. పైకి... పైకి... ఎవరో తెరని జరుపుతున్నట్టు. మధ్యమధ్య చిన్న చప్పుడు. తడి చర్మం గాజుని రాసుకునే చప్పుడు.

వెనక నుంచి పిన్ని గుసగుసగా అంది. "చెయ్యి పెట్టకు."

"టైమవుతోంది పిన్నీ..."

పెట్టాను.

తడి గుడ్డలు. వెంట్రుకలు. ఏదో గడ్డకట్టిన జిగురు. ఇంకా లోపలికి... ప్లాస్టిక్ తగిలింది. దాని పక్కనే మెత్తగా, చల్లగా, నానిన చిన్న ముక్క ఏదో. దానికి గోరుంది.

అది నా బొటనవేలిని నిమిరింది.

ఫోన్ లాగేశాను. వేసిన ముళ్లు వేసినట్టే ఉన్నాయి. కవర్లు రెండూ చిరగలేదు. లోపల తెర మాత్రం తడిసి ఉంది. మధ్యలో పెద్ద వేలిముద్ర, ముడతలతో సహా. ఆ తడి మెల్లగా కిందికి జారుతోంది.

ఫోన్ తెరిచే ఉంది. మా మాటల పేజీ. నా వైపు నుంచి వెళ్లిన మెసేజ్, మూడు ఇరవైకి. "సరే. రా." దాని కింద ఒక ఫోటో. చీకట్లో తెల్లటి అరచెయ్యి. నాలుగు వేళ్లు.

అతని జవాబు కూడా వచ్చేసింది. "ఇంట్లో చెప్పేశాను! ఎంత సన్నటి వేళ్లు నీవి! బొటనవేలు ఎందుకు దాచావు?"

లైట్లొచ్చాయి. కెమెరా నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. "ఇటివ్వు!" అని ఫోన్ మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "ఛీ... రేపట్నుంచి రాకు."

గేటు దాటాక అలవాటుగా బొటనవేలు ఆనించాను. ఇంకా నానే ఉంది వేలు. అయినా ఫోన్ టక్కున తెరుచుకుంది.

ఇది జరిగి నాలుగు రోజులైంది. ఇవాళ ఆదివారం. ఆ ఫోటో నాది కాదని అతనికి ఎన్నిసార్లు రాశానో. రాసిన మాట రాసినట్టు నా కళ్లముందే చెరిగిపోతోంది. మా వీధి పేరు నేను చెప్పలేదు. చెప్పానంటున్నాడు. బస్సెక్కాడట.

పొద్దున వదిన నా ఫోన్ లాక్కుని తాళం సెట్టింగులు చూసింది. "రెండు వేలిముద్రలున్నాయేమే ఇందులో? మొదటిది, రెండోది. ఇంకెవరికి చూపిస్తున్నావు?"

"నేను ఒకటే పెట్టాను వదినా. ఆ రెండోది తీసెయ్యి. తొందరగా."

"ఉండు, నీది తీసేస్తానేమో. వేలు ఆనిస్తే ఎవరిదో ఆ పేరు వెలుగుతుంది. ఏదీ, పెట్టు."

ఆనించాను.

రెండోది వెలిగింది.

ఎడంచేతి వేలు పెట్టాను. ఏదీ వెలగలేదు. మళ్లీ కుడి బొటనవేలు పెట్టాను. రెండోదే.

"అదేంటే?" అంది వదిన. నవ్వు ఆపేసి నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నాలుగు రోజులుగా నేను నీళ్లలో చెయ్యి పెట్టలేదు. మిగతా నాలుగు వేళ్లు ఎప్పట్లాగే ఉన్నాయి. అదొక్కటే తెల్లగా, ముడతలు పడి, మెత్తగా... వదిన ముక్కు మూసుకుంది. బ్లీచింగ్ వాసన. దాని కింద ఇంకో వాసన.

ఆమె చేతిలో ఫోన్ కదిలింది. అతనే.

"దిగాను. ఇప్పుడు పెట్టిన ఫోటోలో బొటనవేలు కూడా ఉందిగా! ఎంత తెల్లగా ఉందో."