వినీల ఊ కొట్టింది

"విన్నావా వినీ?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఊ," అంది వినీల.

నిజానికి వినీల ఏమీ వినలేదు. శుక్రవారం సాయంత్రం బడి నుంచి రాగానే బ్యాగు మంచం మీద పడేసి, అమ్మ ఫోన్ తీసుకుని వీధి అరుగు మీద కూర్చుంది. ఫోన్‌లో ఒక బొద్దు పిల్లి వాషింగ్ మెషీన్ ఎక్కాలని చూస్తోంది. ఎక్కినట్టే ఎక్కి జారిపోతోంది. అది ఎక్కుతుందా, లేదా? అప్పటికి వినీలకి లోకంలో అంతకన్నా ముఖ్యమైన సంగతి లేదు.

ఏడో తరగతిలోకి వచ్చాక వినీలకి ఈ ఊ కొట్టే అలవాటు బాగా ముదిరింది. ఊ అంటే చాలు, అడిగినవాళ్లు ఇంక అడగరు. అన్నం తిన్నావా అంటే ఊ. హోంవర్కు అయిందా అంటే ఊ. పాలు పొంగుతున్నాయేమో చూడు అన్నా ఊ. ఆ పాలు పొయ్యి మీదంతా పొంగి, ఇల్లంతా మాడువాసన వచ్చేదాకా ఆ ఊ కి అర్థం లేదని ఎవరికీ తెలియలేదు.

వాళ్లమ్మ రూబీ అంగన్‌వాడీ టీచరు. రోజంతా పసిపిల్లలకి చెప్పిందే చెప్పి చెప్పి ఆవిడ గొంతు అలిసిపోతుంది. అందుకని ఇంట్లో ఏదైనా ఒక్కసారే చెబుతుంది. ఆ సాయంత్రం కూడా ఒక్కసారే చెప్పి, ఊ వినగానే సరేననుకుని పప్పుకి పోపు వేసుకుంది.

మర్నాడు రెండో శనివారం. ఇంకా తెలతెలవారుతుండగానే అమ్మ దుప్పటి లాగేసింది.

"ఇంకా లేవలేదేంటి? మ్యాచ్ పొద్దున్నేనని నిన్న చెప్పాను కదా."

వినీల ఉలిక్కిపడి లేచింది. మ్యాచ్ మధ్యాహ్నం కదా! ఎప్పుడు మారింది? అడిగితే వినలేదని తెలిసిపోతుంది. అందుకని నోరు మెదపకుండా మొహం కడుక్కుని, రెండు ఇడ్లీలు నోట్లో కుక్కుకుని అమ్మ స్కూటీ ఎక్కింది.

అది మామూలు మ్యాచ్ కాదు. కడియం దగ్గరున్న వినీల వాళ్ల చిన్న బడి ఆడపిల్లలు ఖోఖోలో మండలమంతా గెలిచి, మొట్టమొదటిసారి రాజమండ్రిలో ఫైనల్ ఆడబోతున్నారు. ఖోఖోకి తొమ్మిది మంది కావాలి. ఆ బడిలో ఆడగలిగే పిల్లలు వినీలతో కలిపి సరిగ్గా తొమ్మిది మందే. ఒక్కరు తక్కువైతే జట్టే లేదు.

బడి గేటు ముందు వ్యాన్ ఆగి ఉంది. ఆటల టీచరు శ్రీదుర్గ మేడమ్ పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టారు. ఎనిమిది మందే ఉన్నారు. లేనిది సత్యశ్రీ. జట్టుకి కెప్టెన్, అందరికన్నా వేగంగా పరుగెత్తే పిల్ల.

"వినీలా, సత్యశ్రీకి చెప్పావు కదా?" అని అడిగారు మేడమ్.

వినీల తెల్లమొహం వేసి అమ్మ వంక చూసింది. "వాళ్ల ఫోన్ పాడైంది, వెళ్లి చెప్పి రమ్మన్నాను కదా," అంది అమ్మ. అప్పుడు సంగతంతా అర్థమైపోయింది. మ్యాచ్ పొద్దునకి మార్చారనీ, సత్యశ్రీ వాళ్ల ఫోన్ పాడైందనీ, వాళ్లింటికి వెళ్లి ఈ కబురు చెప్పి రమ్మనీ మేడమ్ ఫోన్ చేస్తే, అమ్మ నిన్న వంటింట్లోంచి చెప్పింది అదన్నమాట. తను ఊ కొట్టింది దానికన్నమాట.

హారతి వ్యాన్ కిటికీలోంచి తొంగిచూసి, సత్యశ్రీ ఇంకా నిద్ర లేచి ఉండదంది. మిగతా పిల్లలు కూడా కెప్టెన్ అయ్యుండి ఇదేం పద్ధతని గొణుక్కున్నారు.

చెప్పాను మేడమ్, అంటే చాలు. తప్పంతా సత్యశ్రీ మీదికి పోతుంది. ఆ మాట వినీల నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే సాయంత్రాలు గుర్తొచ్చాయి. అందరూ ఇళ్లకి వెళ్లిపోయాక కూడా సత్యశ్రీ ఒక్కతే ఆగి తనకి స్తంభం దగ్గర దూకి పట్టుకోవడం నేర్పింది. మోకాలు చెక్కుకుపోతే పంపు దగ్గరికి తీసుకెళ్లి కడిగింది.

"చెప్పలేదు మేడమ్," అంది వినీల. "అమ్మ చెబితే ఊ అన్నాను గానీ వినలేదు. సత్యశ్రీకి తెలీదండి."

మేడమ్ తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది వినీలకి. ఆవిడ వాచీ చూసుకుని, జట్టుతో తాను ముందు వెళ్లి మైదానంలో పేర్లు ఇస్తాననీ, ఆటకి పిలిచేలోగా వినీల సత్యశ్రీని తీసుకుని వస్తే ఆడతామనీ, రాకపోతే ఆడకుండానే తిరిగి వచ్చేస్తామనీ చెప్పారు. అందరి జెర్సీలూ ఆవిడ బ్యాగులోనే ఉన్నాయి. వ్యాన్ కదలకముందే అమ్మ స్కూటీ తిప్పింది.

సత్యశ్రీ నాయనమ్మ సంపూర్ణమ్మ దగ్గర ఉంటుంది. వెళ్లేసరికి వాళ్లింటికి తాళం వేసి ఉంది. పక్కింటి పాపాయి మామ్మ వాకిట్లో ముగ్గు పెడుతోంది. నాయనమ్మా మనవరాలూ చీకటితోనే గోదారి లంకలో బంతితోటకి పూలు కోయడానికి వెళ్లారని చెప్పింది. ఆ తోటకి దారెటని అడిగితే మామ్మ నడుం పట్టుకుని మెల్లగా లేచి, ముందు తన మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి బంతిపూల ధర దగ్గరికి వచ్చింది. పాత తోట గోదారి కోసుకుపోయిన కథ చెప్పింది. దారి మాత్రం రాలేదు.

మామూలుగా అయితే వినీల ఈపాటికి నాలుగు ఊలు కొట్టి పరుగెత్తేది. ఈసారి కదలలేదు. మామ్మ ఎదురుగా నిలబడి ఆవిడ మొహంలోకే చూస్తూ విన్నది. చివరికి మాటల మధ్యలోంచి దారి బయటపడింది.

"మొదటి వంతెన ఎక్కకండమ్మా, అది పాత తోట దారి. రెండో వంతెన దాటితే రైస్‌మిల్లు. మిల్లు వెనకాల పుంతలో మట్టిదారిన పోతే ఏటిగట్టు వస్తది. గట్టు దిగి పంపు షెడ్డు పక్కనే."

"రెండో వంతెన, రైస్‌మిల్లు, వెనకాల పుంత, ఏటిగట్టు, పంపు షెడ్డు. అంతేనా మామ్మా?"

మామ్మ మొహం విప్పారింది. "అంతే తల్లీ. నేను చెప్పింది ఇంత బాగా విన్నవాళ్లు మా ఇంట్లో కూడా లేరు."

స్కూటీ కాలువగట్టు మీద దూసుకుపోయింది. మొదటి వంతెన రాగానే అమ్మ హ్యాండిల్ తిప్పబోయింది. సంపూర్ణమ్మగారి తోట తనకి తెలుసంది. వినీల అమ్మ భుజం పట్టుకుంది.

"ఇది కాదమ్మా. ఇది పాత తోటకి. మామ్మ రెండో వంతెన అంది. నేను విన్నాను."

అమ్మ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి కూతురి మొహం చూసింది. తర్వాత బండి తిన్నగా పోనిచ్చింది.

గట్టు ఎక్కేసరికి కింద తోటంతా పసుపు ముద్దలా కనిపించింది. నడుముకి గోనెసంచి కట్టుకుని సత్యశ్రీ పూలు కోస్తోంది. వినీల గట్టు మీంచి జారుకుంటూ దిగి, ఆయాసపడుతూనే చెప్పేసింది. మ్యాచ్ మధ్యాహ్నం కాదు, ఇప్పుడే. నీకు చెప్పమని నాకు చెప్పారు. నేను వినలేదు. తప్పు నాదే.

సత్యశ్రీ కోస్తున్న పువ్వు చేతిలోనే ఉండిపోయింది.

"నిన్న సాయంత్రం నేనూ చెప్పాను నీకు," అంది. "మీ అరుగు ముందు నుంచే వెళ్లాను. పొద్దున్నే తోటకి వెళ్తున్నాను, మ్యాచ్ సంగతి ఏమైనా తెలిస్తే కబురు పెట్టమన్నాను. ఊ అన్నావు. తలెత్తి చూడలేదు కూడా."

వినీలకి అది అసలు గుర్తే లేదు. అమ్మ తిట్టినప్పుడు ఎప్పుడూ ఇంత బాధ కలగలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తల దించుకోకుండా ఆ మాట పూర్తిగా విన్నది.

సత్యశ్రీ నాయనమ్మ సంపూర్ణమ్మ వచ్చి మనవరాలి నడుముకున్న సంచి ముడి విప్పేసింది. "దెబ్బలాట వచ్చాక ఆడుకోండి. ముందు మ్యాచ్ ఆడి రండి," అంది.

ముగ్గురూ స్కూటీ మీద రాజమండ్రి దాకా వెళ్లలేరు. గట్టు కింద ఆటో డ్రైవరు పల్లంరాజు పూల మూటలు తన ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. మార్కెట్‌కి కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదండి, ముందు పిల్లల్ని దింపుతానన్నాడు. అమ్మ స్కూటీని గట్టు మీదే వదిలి ఆటో ముందు సీట్లో సర్దుకుంది. పిల్లలిద్దరూ వెనకాల బంతిపూల మూటల మీద కూర్చున్నారు.

సగం దారి దాకా సత్యశ్రీ మొహం తిప్పుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. హైవే ఎక్కాక మాత్రం అవతలి జట్టు గురించి చెప్పడం మొదలుపెట్టింది. పోయిన నెల వాళ్ల ఆట చూసిందట. చెబుతూ చెబుతూ ఆగి, "వింటున్నావా?" అంది.

"పొడుగు జడ అమ్మాయి స్తంభం దగ్గరికి వస్తే ఎప్పుడూ కుడివైపే తిరుగుతుంది. ఎడమకి వెళ్లినట్టు నటిస్తుంది గానీ వెళ్లదు. అంతేగా?"

సత్యశ్రీ ఆమె వంక చూసి, తల ఊపి, మిగతాది కూడా చెప్పింది.

మైదానం గేటులోకి పూల ఆటో వచ్చేసరికి మైకులో వాళ్ల బడి పేరు రెండోసారి పిలుస్తున్నారు. జుట్టులో బంతి రేకులతో దిగిన ఇద్దరినీ చూసి జట్టంతా పరుగెత్తుకొచ్చింది. మేడమ్ జెర్సీలు వాళ్ల చేతుల్లో పెట్టి, తొందరగా వేసుకోండమ్మా అన్నారంతే.

ఆట హోరాహోరీగా సాగింది. అవతలి జట్టు పెద్ద బడి పిల్లలు. ఒకసారి వాళ్లు పైకి వస్తే, ఒకసారి వీళ్లు. ఆఖరి నిమిషానికి రెండు జట్లూ సమానంగా నిలిచాయి. పొడుగు జడ అమ్మాయి ఒక్కతే మైదానంలో మిగిలింది. ఆమెని పట్టుకుంటే గెలుపు.

సత్యశ్రీ ఆమెని తరుముతోంది. వినీల స్తంభానికి దగ్గరగా, చివరి గడిలో కూర్చుని ఉంది. చుట్టూ ఈలలు, డప్పులు, అరుపులు. ఖో అన్న మాట వినపడకముందే లేచిపోయి ఫౌల్ చేయడం వినీలకి పాత జబ్బు. ఇప్పుడు ఆ హోరంతా పక్కకి నెట్టి, వెనకనుంచి వచ్చే ఒక్క గొంతు కోసమే చెవులు రిక్కించింది. అడుగుల చప్పుడు దగ్గరైంది. ఇంకా లేవలేదు. ఆయాసం వినిపించింది. ఇంకా లేవలేదు.

వీపు మీద చెయ్యి పడింది. "ఖో!"

వినీల బాణంలా లేచింది. పొడుగు జడ అమ్మాయి ఎడమవైపు ఒరిగింది. వినీల నమ్మలేదు. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, రెండో చెయ్యి చాచి, ఒళ్లంతా కుడివైపుకి విసిరేసింది. మోచెయ్యి ఇసకలో గీరుకుపోయింది. వేళ్ల చివరలు మాత్రం ఆ అమ్మాయి భుజానికి తగిలాయి.

విజిల్ మోగింది. ఎవరు ఎవర్ని ఎత్తుకున్నారో తెలియలేదు. శ్రీదుర్గ మేడమ్ కూడా చెప్పులు వదిలేసి మైదానంలోకి పరుగెత్తుకొచ్చారు. పల్లంరాజు మార్కెట్ సంగతి మర్చిపోయి, ఒక మూట విప్పి పిల్లల మీద దోసిళ్లతో పూలు చల్లాడు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ అంతా పాటలే. అమ్మ ఆ ఆఖరి నిమిషం వీడియో తీసింది. అందరూ చూసేశారు, వినీల ఒక్కతే ఇంకా చూడలేదని హారతి ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. తన డైవ్ ఎలా ఉందో చూడాలని వినీలకి ప్రాణం లాగేస్తోంది. వీడియో అప్పుడే మొదలైంది.

పక్క సీట్లో సత్యశ్రీ కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది, తోటలో వినీలని చూడగానే తనకి ముందు చాలా భయమేసిందని.

వినీల ఫోన్ ఆపేసి హారతికి తిరిగి ఇచ్చేసింది. సీట్లో పూర్తిగా పక్కకి తిరిగి, సత్యశ్రీకి ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు భయమేసింది? చెప్పు," అంది.