సహస్రకు ఏమేం రావు?

“ముప్పై శాతమా? జరంతల పోయింది మేడమ్! ఇంకో వారం చదివిస్తే పాసయితుండె!”

దవాఖాన వరండాలో దుర్గేష్ ఆ మాట అనగానే గౌతమి అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె ఉప్పల్ భవిత కేంద్రంలో టీచరు. మాటా నడకా చదువూ ఆలస్యమైన పిల్లలకు నేర్పుతుంది. వాళ్లకు సర్కారు సాయం ఇప్పించే పనీ ఆమె మీదే పడింది.

“ఏం చదివించిన్రు అన్నా?”

“గుడ్ మార్నింగ్ సార్, మై నేమ్ ఈజ్ సహస్ర. పది దాంక అంకెలు. కంపెనీ నుంచి రాంగనే చాక్లెట్ పెట్టి ప్రాక్టీస్ జేపిచ్చిన,” అన్నాడు గర్వంగా. అక్క కూతురు, ఎనిమిదేళ్ల సహస్ర, కొత్త గౌనులో అతని చెయ్యి పట్టుకుని ఊగుతోంది.

“ఇది పరీక్ష కాదు. పిల్లకు ఎంత శాతం వైకల్యం ఉన్నదో సూసే క్యాంపు. నలభై ఉంటేనే సాయానికి నేను మండల ఆఫీసుల కొట్లాడొచ్చు. సాయం టీచర్ లేకుంటే జూన్ నుంచి పంపొద్దని బడోళ్లు అన్నరు, యాదికున్నదా?”

దుర్గేష్ ముఖం వాడిపోయింది. “అంటే... నేనే పాడు జేసిన్నా?”

“ప్రేమతోనే చేసిన్రు. మళ్లీ చూడమని అప్పీలు పెడదాం. కానీ ఈసారి ట్యూషన్ బంద్.”

ఆ శనివారం గౌతమి వానలో తడుస్తూ నాచారంలో వాళ్ల ఇంటికి వచ్చింది. దుర్గేష్ తువ్వాలు అందించాడు.

“థ్యాంక్స్ అన్నా.”

“ముందుగాల ఆ అన్నా అనుడు ఆపుండ్రి మేడమ్.”

“మీరు మేడమ్ అనుడు ఆపితే ఆలోచిస్త.”

అతను నవ్వాడు. ఆమె నవ్వు దాచుకుని అడిగింది. “సహస్రకు ఏమేం రావు?”

సహస్ర తల్లి పద్మశ్రీ చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు.

“పాటలు మస్తు పాడుతది,” అన్నాడు దుర్గేష్.

“నేనడిగింది రానివి.”

“పిల్లను పక్కనబెట్టుకొని అది రాదు, ఇది రాదు అని ఎట్ల జెప్పాలె? ఆమె ఇంటలేదా? మీకేం, మీది డ్యూటీ!”

సహస్ర జారిపోయిన ఎడమకాలి చెప్పును కుడికాలికి తొడుక్కుంటోంది. గౌతమి సాయం చేయకుండా చూస్తూ కూర్చుంది.

“తక్కువ జేసి చెప్పమంటలేను. ఆమెకు ఏడ చెయ్యి అందియ్యాల్నో అడుగుతున్న,” అంది.

తర్వాతి శనివారాలు కూడా వచ్చింది. దుర్గేష్ షిఫ్టులు మార్చుకోవడం మొదలుపెట్టాడు. అక్క అది గమనించింది. చాయ్‌తో పాటు ఉప్మా కూడా రావడం మొదలైంది.

రెండోసారి క్యాంపుకు పిలుపు వచ్చినప్పుడు పద్మశ్రీ తలుపు దగ్గరే ఆగిపోయింది. “నా నోటితోని నేను చెప్పలేను తమ్మీ. నువ్వే తోల్కపో.”

గౌతమితో కలిసి డాక్టర్ గదిలోకి వెళ్లగానే సహస్ర బల్ల కిందికి దూరి, బల్ల కాలును కౌగిలించుకుంది. ఇదివరకైతే దుర్గేష్ బతిమాలి బయటికి లాగేవాడు. ఇప్పుడు తనూ నేల మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచే చెప్పాడు.

“ఆకలైతే చెప్పనీకి రాదు సార్. ఏడుస్తది. ఆకలికో, నొప్పికో మాకు తెల్వది. మొన్న చెవుల చీము పట్టింది. అది ఏడుస్తుంటే మేము అన్నమే పెట్టుకుంట కూసున్నం.”

సహస్ర బల్ల కాలు వదిలి అతని మోకాలి మీద తల పెట్టింది. అది చూసిన గౌతమి కిటికీ వైపు తిరిగింది. డాక్టర్ కుర్చీ పక్కకు జరిపి, వంగి, ఒక్కొక్కటే అడగసాగాడు.

అరవై శాతం అని తేలింది. సంతోషపడాలో బాధపడాలో దుర్గేష్‌కు అర్థం కాలేదు. మండల ఆఫీసు చుట్టూ మరికొన్నిసార్లు తిరిగాక, బడిలో సాయం టీచరు వారానికి రెండు రోజులు వచ్చేటట్టు ఒప్పుకున్నారు.

ఆ కబురుతో ఆఫీసు నుంచి బయటపడేసరికి వాన. ముగ్గురూ ఉప్పల్ మెట్రో మెట్ల కింద నిలబడ్డారు. సహస్ర అతని భుజం మీద నిద్రపోయింది.

“ఇగ మీరు మా ఇంటికి రారు కదా? పనైపోయింది,” అన్నాడు.

“ఎవరన్నరు? శనివారాలు వస్త. పాప కోసం.”

“పాప కోసమేనా?”

గౌతమి జల్లు పడకుండా సహస్ర తల మీద తన చున్నీ కప్పింది. ఆ పని అయిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు.

“ఇన్ని దినాలు అడగనీకి భయపడ్డవా?” అంది.

ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి. దుర్గేష్ తల ఊపాడు.

“ఆదివారం మా నాన్న ఇంట్లనే ఉంటడు. అన్నోజిగూడల మా ఇల్లు,” అంది గౌతమి. “మీ అక్కను తోల్కొనిరా.”