మిరప దురదే అన్నాడు

పొద్దున్నే కల్లంలో తాలుకాయలు ఏరుతూ కూర్చున్న జోసఫ్ మళ్ళీ వీపు గోక్కున్నాడు.

"ఏందయ్యా ఆ గోకుడు?" అంది భార్య ఆదెమ్మ, గోతాం విప్పుతూ.

"మిరపకాయల్లో కూర్చుంటే దురద పుట్టదా ఏంది?"

నిజమే, కాయలు ఎండబోసే రోజుల్లో ఆ ఊళ్ళో గోక్కోని మనిషి ఉండడు. కానీ జోసఫ్ సంగతి వేరు. రెండేళ్ళ కిందట అతని లివర్ పాడైతే తనదాంట్లో సగానికి పైగా కోయించి ఇచ్చింది ఆదెమ్మే. తరవాత అతికిన చోట పైత్యనాళం ఇరుకైంది. నోట్లోంచి గొట్టం దింపి, నాళం తెరుచుకుని ఉండేందుకు లోపల స్టెంటు పెట్టారు. మూడు నెలలకోసారి దాన్ని మార్చాలి. మార్చకపోతే మూసుకుపోయి కామెర్లొస్తాయి, ముదిరితే లివరే పోతుంది. మొన్న ఆమె ఆస్పత్రికి వెళ్దామంటే, "కోతలయ్యాక రమ్మన్నారులే" అన్నాడు. నమ్మింది పిచ్చిది!

అంతలో ఫోను మోగింది.

"గుంటూరు ఆస్పత్రి నుంచండి. జోసఫ్ గారు స్టెంటు మార్పించుకోవడానికి రాలేదేంటండి? గడువు దాటిపోయింది. దురదలు గానీ, కళ్ళు పచ్చబడటం గానీ ఉన్నాయా?"

ఆదెమ్మ ఫోను పెట్టేసి, మొగుడి గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది. కంట్లో తెల్లగుడ్డు పసుపు పూసినట్టుంది.

"ఓరి దేవుడో! నాతోనే అబద్ధమాడతావా? ఒంటికి ఎట్టా పోతంది, చెప్పు!"

"పచ్చగా..."

"మరి నోట్లో నాలిక లేదా? కడుపు కోయించుకుని ఇచ్చానయ్యా! అంత నొప్పి పడి ఇచ్చింది ఈ కల్లంలో పాడుచెయ్యడానికా?"

జోసఫ్ చేతిలో కాయలు విసిరికొట్టాడు.

"అదిగో, ఆ మాటకే చెప్పలేదే! కూరలో ఉప్పెక్కువైందన్నా అదే మాట, ఇంటికి ఆలస్యంగా వచ్చినా అదే మాట. నువ్విచ్చింది నా ఒంట్లో చెడిపోతందని ఏ మొహం పెట్టుకుని చెప్పనే?"

ఆదెమ్మ కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ప్రాణం మీదికొచ్చిన సంగతిని కూడా మొగుడు తన నోటికి జడిసి దాచుకున్నాడు. ఆమెకు సిగ్గేసింది, ఏడుపు తన్నుకొచ్చింది. కారం చేతుల్తో కళ్ళు తుడుచుకోబోతే జోసఫే చప్పున చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెడిపోలేదయ్యా," అంది వెక్కుతూ. "డాక్టరు గారు చెప్పలా, లివర్ బాగానే ఉంది, దారే ఇరుకైందని? కాలవలో పూడిక తీస్తే నీళ్ళు పారవా? లే, ఆటో పిలుస్తా."

"మరి కాయలు?"

"తగలబడనీ కాయలు!"

జోసఫ్ లేచాడు. ఆమె భుజం పట్టుకున్నాడు.

"పద, నీ లివర్ని బాగుచేయించుకొద్దాం," అన్నాడు నవ్వబోతూ.

"నాదేంది? ఇచ్చేశాక అది నీది," అంది ఆదెమ్మ ఏడుస్తూనే. "ఇంకెప్పుడన్నా నాదని దెప్పానా, నన్ను నోరు ముయ్యమను."